తల్లిని ఎండల నిలవెట్టిన మేత్రాణి

నాంపల్లి స్టేషన్ ముంగట టాంగాలు ఆగే జాగ నుంచి ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు మెట్ల దాక మూడేండ్ల సంది ఒక మాట తిరుగుతున్నది. మేత్రాణి అయిన దినం ఇన్నాసి కన్నతల్లిని చర్చి బయట, ఎండల, చెప్పుల కాడ నిలవెట్టిండట. తల్లి పాత చీర చూసి నలుగుట్ల నామోషీ అయ్యిందట. గడప దాక వచ్చి, తల్లిని చూసి, మొకం తిప్పుకొని లోపలికి పోయిండట. మేత్రాణి అంటె తెల్వనోళ్లకు చెప్పాలె: చర్చి గురువులందరి మీద పెద్ద గురువు. చదువుకున్నోళ్లు బిషప్ అంటరు, గల్లీల మనోళ్లు పెద్ద పాదిరి అంటరు.

ఆ మాటకు మొదలు కాళ్లే ఉండె, ఇప్పుడు రెక్కలు గూడ వచ్చినయి. మొన్న ఖైరతాబాద్‌ల ఒక పెండ్లి విందుల, ఇన్నాసి మొకం ఎట్లుంటదో తెల్వని ఒకామె బూరె నములుకుంట "తల్లిని మెడలు వట్టి నూకిండట గద" అన్నది. నూకిండట! నోరా, తాటిమట్టా? అరువై ఏండ్ల తల్లిని నూకెటోడైతె వాన్ని గల్లీల ఆడోళ్లే చీపుర్లు తిరగేసి కొట్టి పంపుదురు, మూడేండ్లు ఆగుదురా?

గల్లీ మలుపుల ఆడపిల్లల బడి ఉన్నది. గోడకు నున్నటి రాయి, రాయి మీద పేర్లు. ఆ బడికి మొదటి రేకు నెత్తి మీద మోసుకొచ్చినోని పేరు మాత్రం ఆ రాయి మీద లేదు. లేకపోనీకె కారణం ఈ మాటనే. నిజం తెలిసిన మనిషి ఒకరు ఉన్నరు గని, ఆరోగ్యమ్మ బతికున్నన్ని దినాలు చెప్పొద్దని నోటికి తాళం వడ్డది. పోయిన నెల ఆరోగ్యమ్మ కన్ను మూసింది. తాళం ఊడింది. ఇంక చెప్పుడే.

చెప్పేటప్పుడు సగం చెప్పి సగం మింగితె అది గూడ అబద్ధమే. అందుకని ముందుగాల ఇది వినున్రి: ఆ మాట పుట్టింది ఏ గిట్టనోని నోట్లెనో గాదు. పూలమ్మ నోట్లె.

పూలమ్మకు నాంపల్లి గల్లీల రెండర్రల సొంతిల్లు, వెనుక బావి పక్క ఒక కిరాయి అర్ర. మిషనోళ్ల బడిల నాలుగు దాక చదివింది. దస్కతు వెడతది, ఉత్తరాలు చదువుతది, ఎవరింట్ల కూరల ఉప్పెక్కువైందో వాసన మీద చెప్తది. గల్లీల ఎవరింటికి చుట్టమొచ్చినా ఆ చుట్టం కాళ్లు కడుక్కోకముందే పూలమ్మ వచ్చి "ఏ ఊరు బిడ్డా మీది" అని అడగాలె. అది ఆమె లోపమనుకున్నా సరే, పుణ్యమనుకున్నా సరే.

ఆ వెనుక అర్రల ఆరోగ్యమ్మ దిగిననాడు ఇద్దరూ కొత్త పెండ్లికూతుర్లు. ఆరోగ్యమ్మ పెనిమిటి రాయప్ప రైలు పట్టాల మీద గ్యాంగు పని చేసెటోడు. ఖమ్మం దిక్కు నుంచి వచ్చిన క్రైస్తవులు. ఇద్దరు ఆడోళ్లు ఒకరినొకరు "వదినా" అని పిలుచుకున్నరు, ఒకే బావిల చేదుకున్నరు. ఆరోగ్యమ్మకు ముగ్గురు పుట్టిన్రు. ముగ్గురినీ మన్నుల పెట్టింది. ఒకడు పురిట్లనే, ఒకతె పాలు మరువకముందు, ఇంకొకతె నడక నేర్చినంక. మూడోదాన్ని తీస్కపోయిన దినం ఆరోగ్యమ్మ ఏడ్వలే. నిలవడ్డది నిలవడ్డట్లే బావి గిరక దిక్కు చూసింది. ఆ చూపు చూసి పూలమ్మ అత్త బావి మీద పలకలు కప్పిచ్చింది.

నాలుగోవాడు పుట్టంగనే ఆ అత్తనే అన్నది: "పిల్లా, వీన్ని పెంటకుప్ప మీద వెయ్యి. పనికిరానోడని యముడు గూడ ముట్టడు." పసిగుడ్డును పెంటకుప్ప మీద పండవెట్టిన్రు. అత్త చాటల ఎత్తుకున్నది. దోసెడు తౌడిచ్చి ఆరోగ్యమ్మ తన కొడుకును తానే కొనుక్కున్నది. ఇంట్ల పెంటయ్య అన్నది. చర్చిల నీళ్లు పోసి ఇన్నాసి అన్నరు. వాడు బతికిండు. పెంటకుప్ప బతికిచ్చిందో, నీళ్లు బతికిచ్చినయో, వాని గట్టితనమే బతికిచ్చిందో, బతికిండు, అది చాలు.

గని ఆ ముచ్చట అప్పటి చర్చి గురువు చెవిల వడ్డది. ఇది అన్యుల ఆచారమని ఆరోగ్యమ్మను అందరి ముంగట లేపి నిలవెట్టి, నెల దినాలు గుడి లోపలికి రావొద్దన్నడు, పూజల ఇచ్చే సత్ప్రసాదం ఇయ్యనన్నడు. ముగ్గురిని పోగొట్టుకొని నాలుగోవాన్ని చంకల వెట్టుకున్న బాలింత! ఆమెకు దండన! దేవుడు ఆ గురువు పక్కన కూసొని ఉంటె గప్పుడే లేచి పోయి ఉండాలె.  ఆరోగ్యమ్మ నెల దినాలు చర్చి కిటికీ కింద నిలవడి లోపలి పూజ విన్నది. గప్పటి సంది ఆమెకు ఒకటే భయం, మళ్ల గుడి నుంచి బయటికి పంపుతరని. ఎంత భయమంటె, కాలికి ముల్లు గుచ్చుకున్నా దిష్టి తగిలిందనెటిది గాదు.

ఇన్నాసికి ఆరేండ్లప్పుడు పెద్ద జరం వచ్చి రాయప్ప పోయిండు. ఆరోగ్యమ్మ చర్చి గుడ్డలు ఉతికే పనికి కుదిరింది. పూజ చేసే పీఠం మీది దుప్పట్లు, గురువుల తెల్లంగీలు ఉతికి, గంజి వెట్టి, ఇస్త్రీ చేసి ఇయ్యాలె. ఆమె గంజి వెట్టిన అంగీ వంపు తిరుగది, ముడత వడది. మాపటీలి పిల్లలను కూసోవెట్టి జ్ఞానోపదేశం చెప్పెటిది. సగం గల్లీ క్రైస్తవులకు దండం పెట్టుడు నేర్పింది ఆమెనే. పదమూడేండ్లకు ఇన్నాసి గురువుల చదువుకు రైలెక్కిండు. ఇంకొక పద్నాలుగేండ్లు చదివి తెల్లంగీ తొడుక్కొని అదే స్టేషన్ల దిగిండు. చర్చోళ్లు అదే గల్లీ చిన్న గుడికి వేసిన్రు.

ఎట్ల ఉండెటోడంటె, తాటిచెట్టు లెక్క పొడుగు, పాట పాడితె కాకులు లేచిపోయేటంత గొంతు. సైకిలు తొక్కెటప్పుడు అంగీ అంచు చక్రంల పడకుండ బట్టలారేసే చిమటాలు రెండు పెట్టుకునెటోడు. దిగినంక తియ్యనీకె యాది ఉండకపోతుండె. చిమటాలతోనే పూజ చేసిన దినాలున్నయి. ఆబిడ్స్ ఇరానీ హోటల్ల నిలవడి చాయ్ తాగుకుంట టాంగావాలలతోని ఉర్దూల పంచాయితి పెట్టుకునెటోడు. పూలమ్మను "అత్తమ్మా" అనెటోడు. ఆమె "ఏంరా పెంటిగా" అనెటిది. పాదిరైనా సరే, పెంటిగాడు పెంటిగాడే.

నలభై ఎనిమిదిల రజాకార్ల భయానికి గల్లీల మన ఆడోళ్లు, పిల్లలు పోయి చర్చి హాలుల దాసుకున్నరు. ఇన్నాసి గడపల సైకిలు అడ్డం వెట్టి, దాని ముంగట కుర్చీ ఏసుకొని కూసున్నడు. సెప్టెంబరుల మిలిట్రీ వచ్చింది, సర్కారు మారింది, భయం ఇటు నుంచి అటు మారింది. అప్పుడు టాంగా ఖాసిం పెండ్లాం పిల్లలతోని అదే హాలుల దాసుకున్నడు. అదే గడప, అదే సైకిలు. గల్లీ మగోళ్లు పది మంది పోయి అడిగిన్రు, "మొన్న మమ్ముల దాస్తివి, ఇయ్యాల వాళ్లను దాస్తున్నవు. అసలు నువ్వు ఎవరి దిక్కు?"

"నేను తలుపు దిక్కు" అన్నడు. కుర్చీల నుంచి లేవలే.

ఆ పది మందిల తిట్టుకుంట తిరిగి వచ్చినోళ్లున్నరు. ఇయ్యాల తల్లి మీద జాలి చూపెట్టేది గూడ వాళ్లే. చిత్రమేంది? ఎన్నటి పగనో మనసుల పెట్టుకొని మంచి ముచ్చట దొరికేదాక కాసుకొని కూసుంటరు మనుషులు.

మరుసటేడు ఆడపిల్లలకు రేకుల బడి ఏసిండు. ఒక్కొక్క రేకు మొజంజాహీ మార్కెట్ నుంచి నెత్తి మీద మోసుకొచ్చిండు. ఆ వెనుక గల్లీకి నల్లా. మునిసిపాలిటోళ్లు రెండేండ్లు తిప్పిచ్చుకుంటె, నలభై మంది ఆడోళ్లను ఖాళీ బిందెలతోని తీస్కపోయి కచ్చేరి వరండల కూసోవెట్టిండు. "ఏమీ అనకున్రి. బిందెలు మోగియ్యున్రి, అంతే" అన్నడు. పూలమ్మ ముందు వరుసల కూసొని ఇత్తడి బిందె మీద భజన తాళం ఏసింది. పగటీలి వరకు లోపలి బాబు చెవులు మూసుకొని బయటికొచ్చి కాయిదం మీద మొహరు కొట్టిండు. ఆ నల్లా నీళ్లు ఇయ్యాలటికి గూడ ఆయనను తిట్టే నోర్లల్లకే పోతున్నయి.

యాభై మూడుల రోము నుంచి తారు, అంటె టెలిగ్రాం, వచ్చింది. దక్షిణం దిక్కు కొత్తగ ఒక పీఠం పెడుతున్నరు, దానికి ఇన్నాసి మేత్రాణి. పెంటకుప్ప మీద పండిన పిల్లగాడు! పూలమ్మ గల్లీ అంత బెల్లం పంచింది. ఆ మాపటీలి వెనుక అర్రల తల్లికొడుకులు మాట్లాడుతుంటె గోడకు చెవి పెట్టింది గూడ. అది ఆమెకు అలవాటే.

"ఇంక అందరు నీ ముంగట మోకరిస్తరా బిడ్డా?" ఆరోగ్యమ్మ గొంతు.

"ఉంగరానికమ్మా, నాకు గాదు. మోకరించి ఉంగరం ముద్దు వెట్టుకుంటరు. అది పద్ధతి."

"అందరు?"

"ఔ, అందరు."

 గంజి అడుగంటిన వాసన వచ్చింది. నలభై ఏండ్లల్ల ఆరోగ్యమ్మ గంజి మాడుడు అదే మొదలు. తల్లికి సంబురం ఎక్కువై చెయ్యి తప్పిందనుకున్నది పూలమ్మ. అన్నీ వింటది గని అర్థం చేసుకునుడు మాత్రం రాదు కొందరికి.

ఈస్టర్ పండుగ పోయిన పదిహేను దినాలకు ఆబిడ్స్ దిక్కు పెద్ద చర్చిల గద్దెనెక్కిచ్చుడు. పాత చీర, పాత చీర అని ఏడుస్తున్నరు గద, ఇది వినున్రి. ఆరోగ్యమ్మ ఆ దినం కట్టుకున్నది పూలమ్మ పెట్టెల నుంచి తీసిచ్చిన నారాయణపేట చీర. మడత విప్పని చీర! పచ్చంచు, మిరపపండు రంగు. దాన్ని పాత చీర అన్న నోట్లె పురుగులు పడ.

లోపల ముందు వరుసల ఆరోగ్యమ్మకు కుర్చీ, కుర్చీకి పేరు రాసిన కాయిదం. పూలమ్మకు, పాలమ్మే పోశవ్వకు లోపల జాగ దొరకలే. పక్క వరండల స్తంభం కాడ కూసున్నరు. ముగ్గురు మేత్రాణులు, తెల్వని భాషల పాటలు, సాంబ్రాణి పొగ, రెండు గంటల పైన అయింది. ఇన్నాసికి నెత్తి మీద రెండు కొమ్ముల టోపీ, చేతుల కర్ర, వేలుకు ఉంగరం వచ్చినయి. పాటలు ఆగినయి. కొత్త మేత్రాణి గద్దె దిగి జనం నడుమకు దీవెనలిచ్చుకుంట వస్తున్నడు. వరుసకు వరుస వంగుతున్నది.

అప్పుడే ఆరోగ్యమ్మ కుర్చీల నుంచి లేచింది. కొంగు నెత్తి మీదికి గుంజుకొని పక్క తలుపుల నుంచి బయటికొచ్చింది. పూలమ్మ దిక్కు చూడనైనా చూడలే. మెట్లు దిగి, చెప్పులు విడిచిన జాగల, మిట్ట మధ్యాహ్నపు ఎండల, ఒట్టి కాళ్లతోని నిలవడ్డది. ఇన్నాసి ఆ తలుపు దాక వచ్చిండు. ఒక కాలు గడప ఇవతల పెట్టిండు. తల్లిని చూసిండు. ఆగిండు. మొకం తిప్పుకొని లోపలికి పోయిండు.

స్తంభం అడ్డమొచ్చి పూలమ్మకు కొడుకు మొకం కనవడ్డది గని తల్లిది కనవడలే. ఉన్నదే అంత. చూసింది సగం. గని నాలుకకు నరం ఉంటదా? పక్కనున్న పోశవ్వతోని అన్నది, "చూస్తివా పోశవ్వా, తల్లిని చూసి మొకం తిప్పుకున్నడు."

పోశవ్వ నలభై ఇండ్లకు పాలు పోస్తది. మాపటీలి పాలతోని ఆ మాట గూడ పోసింది. దీపాలు పెట్టే యాళ్లకు చీర పాతదైంది. తెల్లారేసరికి, "నువ్వు లోపలికి రాకు" అని కొడుకు ముందే చెప్పిండన్నరు. "నిప్పు లేంది పొగ రాదు" అని తలలు ఊపిన్రు. పొగ రానీకె నిప్పే అక్కర లేదు, నోట్ల చుట్ట ఉన్నా చాలు.

పూలమ్మ ఆ దినమే అడిగింది. ఆరోగ్యమ్మ అరికాళ్లకు బొబ్బలు. వెన్న రాసుకుంట కూసున్నది.

"ఎందుకు బయట నిలవడ్డవు వదినా?"

"లోపల ఉక్క పోసింది."

"ఎండల నిలవడితె ఉక్క తగ్గుతదా? నేను ఎడ్డిదాన్నా?"

"నీ కాళ్లు మొక్కుత వదినా. ఆ ముచ్చట మళ్ల ఎత్తకు."

అంతే, పూలమ్మకు రూఢి అయింది. కొడుకు చేసిన పాపాన్ని తల్లి కడుపుల దాసుకుంటున్నదని. గల్లీల పూలమ్మకు దొరకని ముచ్చట అదొక్కటే, అందుకని కోపం గూడ రెండింతలైంది. ఇన్నాసి ఏడాదికి రెండుసార్లు తన ఊరి నుంచి వచ్చెటోడు. సక్క తల్లి అర్రలకు పోయి తలుపేసుకునెటోడు. పూలమ్మ గోడకు చెవి పెడితె గంజి కలిపే గరిటె సప్పుడు తప్ప ఏం వినరాకపోయేది. పోయేటప్పుడు పూలమ్మ గడప ముంగట ఆగెటోడు.

"అత్తమ్మా, చాయ్ లేదా?"

"పాలు ఇరిగినయి."

మళ్ల ఆరు నెలలకు, "అత్తమ్మా, చాయ్?"

"ఇరిగినయి."

మూడేండ్లల్ల ఆరుసార్లు ఇరిగినయి. ఆరోసారి ఆయన "పోశవ్వ పాలు మార్చు అత్తమ్మా" అని నవ్వుకుంట పోయిండు. ఆ నవ్వు చూసి సిగ్గులేనోడు అనుకున్నది.

ఈ ఏడు ఎండకాలంల రేకుల బడి పోయి గోడల బడి లేచింది. జూన్ల తెరువాలె. చర్చోళ్లు ఇన్నాసి మేత్రాణిని పిలిచిన్రు. బడి కమిటీకి సెక్రట్రీ జనార్దన్. లక్డీకాపూల్ కచ్చేరిల గుమాస్త, ఇస్త్రీ నలగని మనిషి. బడి తెరిచేది తన కచ్చేరి పెద్దసారైతె తనకు మెప్పొస్తదని ఆయన ఆశ. ఆ ఆశ బయటికి చెప్పుకుంటె బాగుండదు గద, అందుకని తల్లి పేరు ముంగటేసుకున్నడు. ఒక కాయిదం రాసుకొని పూలమ్మ ఇంటికొచ్చిండు. "కన్నతల్లిని గుడి బయట నిలవెట్టిన మనిషి చేతుల మీద మా ఆడపిల్లల బడి తెరువొద్దు. ఇది కండ్లార చూసిన సాక్షి దస్కతు" అని రాసుండె. కింద జాగ ఖాళీ.

"మీరే చూసిన్రు గద అమ్మా," అన్నడు కలం ఇచ్చుకుంట. "మీ దస్కతు లేకుంటె ఇది ఒట్టి పుకారు. మీ దస్కతు పడితె నిజం."

ఆ మాట పూలమ్మకు మొదలు తియ్యగ వినవడ్డది, ఎన్కశీరి గుచ్చుకున్నది. అంటె ఇన్ని దినాలు ఇది ఒట్టి పుకారేనా?

"కాయిదం పెట్టిపో జనార్దన్. రేపు పొద్దుగాల రైలుకు వస్తున్నడట గద. మొకం మీద అడిగి దస్కతు వెడుత."

"అడిగేదేముందమ్మా? చూసిన్రు గద."

"చూసిన్నో లేదో నాకు తెలుసు. నువ్వు చూసినవా? లేదు గద. మరి నువ్వు ఊకో."

కాయిదం మడిచి కొంగుల ముడేసుకొని పొద్దుగాల నాంపల్లి స్టేషన్‌కు పోయింది. రైలు వచ్చి ఆగింది. ఇన్నాసి దిగిండు. తెల్లంగీ, నేరేడుపండు రంగు నడికట్టు, కొంచెం వంగిన నడుము. చర్చి జనం ప్లాట్‌ఫారం మీద వరుసగ నిలవడ్డరు. ఒకరెనుక ఒకరు మోకరించి ఉంగరం ముద్దు వెట్టుకుంటున్నరు. పూలమ్మ ఇంత దగ్గర నుంచి అది చూసుడు అదే మొదలు. వరుసల లూర్దమ్మ అని ఎనభై ఏండ్ల ముసలామె ఉన్నది. కర్ర పక్కన పెట్టి, రెండు చేతులు నేలకు ఆనిచ్చి, మోకాళ్లు పటపటమంటుంటె కిందికి దిగుతున్నది.

పూలమ్మ ఊకుంటదా? "ఓ లూర్దమ్మా! లే, లే! నీ మన్మని ఈడోడు. పెద్దదానివి నువ్వు చిన్నోనికి మొక్కుతె వాని ఆయుస్సు తరుగదా?"

లూర్దమ్మ కిందికెళ్లే కోపంగ చూసింది. "గివి మా దాంట్ల లేవు. నువ్వు ఊకో! మేత్రాణి ముంగట చిన్న పెద్ద లేదు. కన్నతల్లి అయినా మోకరియ్యాల్సిందే."

కన్నతల్లి అయినా.

పూలమ్మ నోరు తెరిచింది తెరిచినట్లే ఉన్నది. ఇంజను కూత ఏసింది, పొగ మొకానికి కొట్టింది, అయినా నోరు మూతవడలే. అందరు మోకరిస్తరా బిడ్డా? అందరు? మాడిన గంజి. ముగ్గురిని మన్నుల పెట్టిన తల్లి, తౌడిచ్చి కొనుక్కున్న ఒక్క కొడుకు. వాడు వరుసలు దాటుకుంట తన కుర్చీ దిక్కు వస్తున్నడు. మోకరిస్తె కొడుకు ఆయుస్సు తరుగుతది. మోకరియ్యకుంటె ఊరందరి ముంగట గుడి పద్ధతి తప్పుతది. ఇంకేం జెయ్యాలె? లేచి బయటికొచ్చింది. కొడుకు సిగ్గుపడలే, ఎవరూ ఎవరిని నిలవెట్టలే. పూలమ్మ పుట్టి పెరిగిన ఇంట్ల గోడకు గోడకు తెలిసిన ఆచారమది. ఇది మొదలు అర్థం కావాల్సింది ఆమెకు. ఆమెకే కాలే. ఎదుటి ఇంట్ల ఉప్పు వాసన పట్టే ముక్కు తన ఇంటి ముచ్చటకు మూసుకపోయింది.

సిగ్గు వచ్చింది. సిగ్గెనుక కోపం వచ్చింది. తన మీద వచ్చిన కోపాన్ని ఎవరి మీదనో ఒకరి మీద దించకుంటె పూలమ్మకు నిలువది. వరుస అయిపోంగనే ఇన్నాసి రెక్క పట్టుకున్నది. చర్చోళ్లు "అమ్మా, అమ్మా, మేత్రాణులోరు" అంటున్నా వినకుంట ప్లాట్‌ఫారం కొసకు, నీళ్ల కుండల కాడికి గుంజుకపోయింది.

"పెంటిగా, అబద్ధమాడకు. ఆ దినం నువ్వు నిలవెట్టినవా? ఆమెనే నిలవడ్డదా?"

ఇన్నాసి వెనుకకు చూసిండు. చర్చోళ్లు దూరంల ఉన్నరు. "ఆమెనే," అన్నడు మెల్లగ.

"నువ్వు గడప దాక వచ్చి మొకం ఎందుకు తిప్పినవు మరి?"

"బయటికొచ్చి అమ్మ కాళ్లు మొక్కుదామని వచ్చిన అత్తమ్మా. అమ్మ చెయ్యి అడ్డం వెట్టింది, రావద్దని. ఏడుస్తుండె. నేను ఇంకొక అడుగు ఏస్తె అందరు అటు చూస్తరు, ఎందుకు బయటున్నదని అడుగుతరు. అందుకే తిరిగిన."

"ఆయుస్సు తరుగుతదని?"

"ఔ."

"నువ్వు రోము బుక్కులు చదివినోనివి. నువ్వు నమ్ముతవా అది?"

"నేను నమ్మ. గని ఆమె మోకరిచ్చి ఉంటె, నాకు దగ్గొచ్చినా జరమొచ్చినా నేనే నా కొడుకును చంపుకుంటున్ననని గోడకు తల కొట్టుకునేది. ఆ బాధ ఆమెకు ఎందుకు?"

పూలమ్మ కొంగు ముడి విప్పింది. కాయిదం తీసి ఆయన మొకం ముంగట ఆడిచ్చింది. "ఇగో చూడు, నీ మీద జనార్దన్ రాసిన రాత. నా దస్కతు కోసం ఆగింది. దీన్ని ఇప్పుడే చింపి ఈ కుండల ఏస్త. ఈన్నుంచి ఆబిడ్స్ దాక నడి రోడ్డు మీద అరుసుకుంట పోత, ఆమె ఎందుకు నిలవడ్డదో ఒక్కొక్క దుకాణం ముంగట ఆగి చెప్త. మూడేండ్లు! మూడేండ్లు నా చేతుల చాయ్ గూడ దొరకకపాయె నీకు. ఒక్క మాట చెప్పుంటె ఏం పోతుండెరా? చెప్పు. ఎందుకు చెప్పలే? ఇప్పుడు ఈ కాయిదం నన్ను ఏం జెయ్యమంటవు?"

ఇన్నాసి ఆమె చేతిల కాయిదం చింపనియ్యలే. మడతలు సాపు చేసి నీళ్ల కుండ మూత మీద పరిచిండు. అంగీ జేబుల నుంచి కలం తీసి, మూత తిప్పి, ఆమె వేళ్ల నడుమ పెట్టిండు.

"దస్కతు వెట్టు అత్తమ్మా. నేను చెడ్డ కొడుకునంటె నా పీఠం పోదు, తిట్లు పడుడు నాకు అలవాటే. అమ్మ ఎందుకు నిలవడ్డదో బయటవడితె మాత్రం, ఈమె ఇంక పాత ఆచారాలు విడువలే అని రేపటి సంది ఆమె చేతికి గుడి గుడ్డలు ఇయ్యరు, జ్ఞానోపదేశానికి పిల్లలను పంపరు. ఆ పని లేకుంటె మా అమ్మ పొద్దుగాల లేచి ఎటు పోతది, చెప్పు?"